గుదైబియాలో ఎర్ర బకెట్టు

నూట నలభై పేజీల పుస్తకం అది.
అద్దం ఎట్లా తుడవాలో అందులో ఆరు పేజీలు.
ఎడమ నుంచి కుడికి, పైనుంచి కిందికి,
గుడ్డకి నాలుగు మడతలు, మడతకి ఎనిమిది తుడుపులు.
గుదైబియా సందులో, మలయాళీ టీకొట్టు మీది గదిలో
ఖాదర్‌బీ చదివి చెబుతుంటే
పదమూడేళ్లుగా నేను తుడిచిన అద్దాలన్నీ
ఒక్కసారి నా వైపు తిరిగి
"నీకెవరు నేర్పారమ్మా?" అన్నట్టయింది.

ఎవరూ నేర్పలేదు.
పాత అరబ్బీ పేపరు, కాస్త వెనిగరు, నోటి ఆవిరి.
వచ్చిన ఏడాది మేడమ్ గోటి చివరతో చూపించిన మరక,
అదీ నా బడి.

నబీల్ సారు చొక్కాకి ఒక్క ముడత లేదు.
నీలం చొక్కాలిస్తాం, నీలం వ్యాను, మోగుతూనే ఉండే ఫోను.
నూటికి తొమ్మిది మాకు, ప్రకటనలకి ఇంకో రెండు,
మందునీళ్లు మా దగ్గరే కొనాలి.
ముందు కట్టేది పద్దెనిమిది వందల దినార్లు.
మా ఇద్దరి చీటీలూ ఎత్తితే సగం.

ఖాదర్‌బీ అంది:
"సుగుణా, మనం తలుపు కొడితే ఎవరూ అంటారు,
నీలం చొక్కా కొడితే రండి అంటారు.
జుఫైర్‌లో పూలకుండీ పగిలి
నాలుగు నెలల జీతం పోగొట్టుకున్నావే, మర్చిపోయావా?
వీళ్లకి ఇన్సూరెన్సుంది."
మర్చిపోలేదు.
పావురం మెడ రంగు కుండీ అది.

నేనన్నా:
మేరీ అని పిలిచారు, లక్ష్మీ అని పిలిచారు,
ఒకింట్లో నాకు ముందు పనిచేసిన పిల్ల పేరుతోనే
రెండేళ్లు పిలిచారు, పలికాను.
ఇప్పుడు డబ్బు కట్టి మరీ
ఇంకోడి పేరు వీపున కుట్టించుకోవాలా?

"పేరు కూడొండుకుని తింటామా?
అప్పు తీరాక పెట్టుకో, బంగారు నీళ్లతో రాయించుకో."
ఆ మాటలో తప్పు కోసం వెతికాను,
ఇల్లంతా ఊడ్చాక మూలలు వెతికినట్టు.
దొరకలేదు.

సారుని ఒక్కటే అడిగా:
"ఐదేళ్లయ్యాక మేం వద్దనుకుంటే
ఇళ్లు ఎవరివి?"
"ఇళ్లేంటి?"
"మేం తుడిచే ఇళ్లు. ముహరఖ్‌లో ఉమ్ సాలెహ్ ఉంది.
వేళ్లు తిరగవు, నేనొచ్చే దాకా
ఖర్జూరాల డబ్బా మూత తీయకుండా కూర్చుంటుంది.
ఆమె ఎవరి లెక్క?"
"కస్టమర్లు బ్రాండువి" అన్నాడు
టీ గ్లాసు ఒప్పందం మీద పెడుతూ.
గుండ్రంగా తడి ముద్ర పడింది.
నన్నడక్కుండానే నా చెయ్యి పోయి తుడిచేసింది.
సంతకం పెట్టే చోటు అక్కడే.

ఖాదర్‌బీ పెన్ను అందుకుంది.
నేను కొంగు సర్దుకున్నా.

ఆ రాత్రే పంపకాలు.
వ్యాక్యూమ్ తనకి, నిచ్చెన నాకు, కర్రలు చెరి రెండు.
ఉప్పు గీతలు పట్టిన ఎర్ర బకెట్టు దగ్గర
ఇద్దరం కాసేపు ఊరకున్నాం.
"ఉంచుకో, వాళ్లు నీలంది ఇస్తారంట" అంది
అటు తిరిగి.

నా బోర్డు చిన్నది.
అరబ్బీలో గ లేదంట,
రాసే పిల్లాడు సుగుణని సుకూన చేశాడు.
ఉమ్ సాలెహ్ చదివి నవ్వింది,
నిమ్మళం అన్న మాటలా ఉందే, అని.
డబ్బులిచ్చి పెట్టుకున్న సొంత పేరు కూడా
పూర్తిగా నాది కాలేదు.
పోయిన నెల నాకంటే అరవై దినార్లు ఎక్కువ మిగిలాయి
ఖాదర్‌బీకి. దాచను.

నిన్న సీఫ్‌లో ఒక టవరు లిఫ్టులో ఎదురుపడింది.
నీలం చొక్కా, నీలం బకెట్టు,
జేబులోంచి తొంగి చూస్తూ పాత పేపరు ముక్క.
"చెప్పకు" అంది, "ఆ ఆరు పేజీలూ దండగ."
లిఫ్టు అద్దంలో మా ఇద్దరి మధ్య
ఎవరిదో వేలిముద్ర.
రెండు చేతులూ ఒకేసారి లేచాయి.
తను ఎడమ నుంచి మొదలుపెట్టింది.
నేను ఎటునుంచో చూసుకోలేదు.